పాత ఫాక్స్‌ప్రో బిల్లింగు ప్రోగ్రాములో బిల్లుల ఫైలు చెడిపోయింది, తిరిగి రాబట్టుకునే దారి ఉందా?

తెనాలి_ఎరువులు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెనాలికి దగ్గరలోని ఒక మండల కేంద్రంలో మాకు ఎరువులు, పురుగుమందులు, విత్తనాలు అమ్మే దుకాణం ఉంది. నాన్నగారు 1998లో ఒక ప్రోగ్రామరు చేత డాస్‌లో నడిచే ఫాక్స్‌ప్రో 2.6లో బిల్లింగు ప్రోగ్రాము రాయించుకున్నారు. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు ఆ ప్రోగ్రామరే వచ్చి సీజీఎస్‌టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం వాటా) గడులు చేర్చి వెళ్లారు. ఆ తరువాత ఆయన కాలం చేశారు, సోర్సు కోడు మా దగ్గర లేదు. విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత పెంటియం 4 కంప్యూటర్లో అది ఇన్నేళ్లూ నడిచింది.

మొన్న శనివారం మధ్యాహ్నం ఒక బిల్లు సగం అచ్చయ్యేసరికి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా ఆదుకోలేదు. అప్పటి నుండి ప్రోగ్రాము తెరవగానే ‘ఇది డేటాబేస్ ఫైలు కాదు’ అనే అర్థం వచ్చే ఆంగ్ల సందేశం ఇచ్చి ఆగిపోతున్నది. కంగారులో మెనూలోని రీఇండెక్సును (రికార్డులను వెతికే సూచికను మళ్లీ కట్టే ఆజ్ఞను) మూడుసార్లు నొక్కాను, ఫలితం లేదు. బిల్లుల్లోని సరుకు వివరాలుండే బిల్‌డెట్.డీబీఎఫ్ అనే ఫైలే చెడినట్టుంది. దాని పరిమాణం మాత్రం 48,93,234 బైట్లుగా చూపిస్తున్నది. ఖరీఫ్ మొదలైంది, చుట్టుపక్కల ఊళ్లలో నాలుగు వందల మందికి పైగా రైతుల అరువు ఖాతాలు ఇందులోనే ఉన్నాయి. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పగలరు.

హార్డ్‌డిస్క్_డాక్టరు · సోమవారం, రాత్రి 10:05

ముందుగా ఆ కంప్యూటరును ఆపేయండి, మళ్లీ ఆన్ చేయకండి. విండోస్ మొదలైన ప్రతిసారీ డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. తనంతట తాను డిస్కు తనిఖీ మొదలుపెట్టిందంటే మిగిలిన ఆధారాలు కూడా చెదిరిపోవచ్చు. డిస్కును బయటికి తీసి, ఐడీఈ నుండి యూఎస్‌బీకి మార్చే అడాప్టరుతో వేరే కంప్యూటరుకు తగిలించి, డిస్కు మొత్తానికి ఇమేజి, అంటే బైటు బైటూ యథాతథంగా ఉండే నకలు, తీయండి. లైనక్స్ వాడగలిగేవారు ఎవరైనా దగ్గరుంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడమనండి, ఎందుకంటే అది చదవగలిగిన భాగాలను ముందు తీసుకొని, మొరాయించే సెక్టార్ల దగ్గరికి చివరలో వెళుతుంది, ఎక్కడ ఆగిందో ఒక మ్యాప్ ఫైలులో గుర్తుపెట్టుకుంటుంది. ఇమేజికి రెండు నకళ్లు తీసి, ఒకదాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, రెండోదాని మీదే ప్రయోగాలు చేయండి.

బెజవాడ_మందులషాపు · సోమవారం, రాత్రి 10:31

మిత్రమా, నా మాట కటువుగా అనిపిస్తే క్షమించండి. డాస్ ప్రోగ్రామును 2025లో బతికించడం కంటే కొత్త సాఫ్ట్‌వేరు కొనుక్కొని, రైతుల బాకీలను వారినే అడిగి ప్రారంభ నిల్వలుగా ఎక్కించుకోవడం నయం. మా దుకాణంలో వీబీ 6తో రాసిన ప్రోగ్రాము, యాక్సెస్ ఎండీబీ ఫైలు ఉండేవి. అది చెడినప్పుడు యాక్సెస్‌లోని కాంపాక్ట్ అండ్ రిపేర్‌తో సగం వచ్చింది, మిగతా సగం కోసం రెండు వారాలు పోగొట్టుకున్నాము.

తెనాలి_ఎరువులు · సోమవారం, రాత్రి 10:48

కొత్తది కొనడానికి నాకు అభ్యంతరం లేదండీ. కానీ బాకీ ఎంతో రైతునే అడిగితే, మూడేళ్ల నాటి పురుగుమందు డబ్బాల లెక్క ఆయనకు మాత్రం ఎలా గుర్తుంటుంది? గుర్తున్నవారితో గొడవ లేదు, గుర్తులేని వారితోనే మాట పడవలసి వస్తుంది. మందుల షాపులో చాలావరకు రొక్కం, మా వ్యాపారమంతా పంట చేతికొచ్చేదాకా అరువు.

పాతకాలపు_ప్రోగ్రామరు · మంగళవారం, ఉదయం 6:20

నేను 1991 నుండి పదిహేనేళ్లపాటు డీబేస్, క్లిప్పర్, ఫాక్స్‌ప్రోలలో ఇలాంటి ప్రోగ్రాములే రాసి బతికినవాణ్ని. తెనాలి వారు అధైర్యపడవలసిన పని లేదు. డీబీఎఫ్ ఫైలు కట్టుబడి ఎంత సాదాసీదాగా ఉంటుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది కాబట్టి కాస్త విస్తరంగా చెబుతాను.

ఫైలు మొదట్లో హెడరు ఉంటుంది. దాని మొదటి 32 బైట్లలో ఫైలు రకం, చివరిసారి మార్చిన తేదీ, రికార్డుల సంఖ్య, హెడరు పొడవు, ఒక్కొక్క రికార్డు పొడవు ఉంటాయి. ఆపైన ఒక్కొక్క గడికి 32 బైట్ల చొప్పున దాని పేరు, రకం, వెడల్పు ఉండి, చివర 13 అనే విలువ గల బైటుతో హెడరు ముగుస్తుంది. అక్కడి నుండి రికార్డులు ఒకదాని వెంట ఒకటి, అన్నీ ఒకే పొడవుతో, మధ్యలో ఏ అడ్డూ లేకుండా పేర్చి ఉంటాయి. ప్రతి రికార్డులోనూ మొదటి బైటు ఖాళీ అయితే అది చెల్లుబాటులో ఉన్నట్టు, నక్షత్రం గుర్తు అయితే రద్దయినట్టు. సరుకు పేర్లు, అంకెలు, తేదీలు అన్నీ మామూలు అక్షరాలుగానే ఉంటాయి కనుక నోట్‌ప్యాడులో తెరిచినా కనిపిస్తాయి.

ఫాక్స్‌ప్రో ఒక ఫైలును ‘డేటాబేస్ కాదు’ అన్నదంటే చాలాసార్లు హెడరు ఒక్కటే పోయి ఉంటుంది, కింది రికార్డులు పదిలంగా ఉంటాయి. నిజం చెప్పాలంటే, మొదటి బైటు కూడా పోవడం మీ అదృష్టం. రకం బైటు మిగిలి, రికార్డుల సంఖ్య మాత్రమే సున్నా అయివుంటే ఫైలు చక్కగా తెరుచుకునేది, మీరు వేసిన కొత్త బిల్లు వెళ్లి మొట్టమొదటి పాత రికార్డు మీదే పడేది. రీఇండెక్సు మెనూ గురించి కూడా ఒక మాట. ఆ రోజుల్లో మేము చాలామందిమి రీఇండెక్సులోనే ప్యాక్ ఆజ్ఞ కూడా కలిపి రాసేవాళ్లం, అది నక్షత్రం గుర్తున్న రికార్డులన్నిటినీ శాశ్వతంగా తుడిచేస్తుంది. ఫైలు తెరుచుకోలేదు గనుక మీ మూడు నొక్కులూ వృథా పోయాయి, అంతే.

ఇక చేయవలసింది: ఇదే కట్టుబడి ఉన్న పాత బిల్‌డెట్ ఫైలు ఏదైనా దొరికితే దాని హెడరు తెచ్చి దీనికి అతికించడం. వెతకండి.

తెనాలి_ఎరువులు · బుధవారం, రాత్రి 8:15

డిస్కు ఇమేజి తీయించాము. చదవలేని సెక్టార్లు ఒక్కటీ లేవు. డిస్కులోనే 2016 సంవత్సరపు ఫోల్డరు ఒకటి ఉంటే, అందులోని బిల్‌డెట్ హెడరును మా బావమరిది హెక్స్ ఎడిటరుతో (ఒక్కొక్క బైటునూ చూపించి మార్చనిచ్చే ప్రోగ్రాముతో) నకలు ఫైలుకు అతికించాడు. ఫైలు తెరుచుకుంది గానీ, ఒక వరుసలోని పేరు తరువాతి వరుసలో పదహారు అక్షరాలు పక్కకు జరిగి, ఆపై వరుసలో ఇంకా జరిగి, అన్నీ మెట్లుమెట్లుగా కనిపిస్తున్నాయి. పాడైపోయిందా?

పాతకాలపు_ప్రోగ్రామరు · బుధవారం, రాత్రి 8:40

పాడవలేదు. రికార్డు పొడవు తప్పు చెప్పారు గనుక ఫాక్స్‌ప్రో తప్పుడు చోట్ల కోసి చూపిస్తున్నది. మొదటి టపాలో మీరే చెప్పారు, 2017లో రెండు గడులు చేర్చారని. 2016 హెడరులో అవి ఉండవు కదా. ఆ హెడరులో 8, 9 స్థానాల బైట్లు (సున్నా నుండి లెక్కపెట్టాలి) హెడరు పొడవును, 10, 11 స్థానాలు రికార్డు పొడవును చెబుతాయి. ఆ నాలుగు అంకెలూ ఇక్కడ పెట్టండి.

తెనాలి_ఎరువులు · బుధవారం, రాత్రి 9:02

161, 1, 102, 0 అని ఉన్నాయండీ.

ఓరుగల్లు_పైథాన్ · బుధవారం, రాత్రి 9:20

మాస్టారూ, ఇది నేను చెప్పవచ్చా? నేను కాజీపేటలో ఇంజనీరింగు చదువుతున్నాను, మీ టపాలు చదివాక డీబీఎఫ్ మీద ఆసక్తి కలిగింది.

చిన్న స్థానం ముందు వస్తుంది కాబట్టి 161, 1 అంటే 161 + 1×256, అంటే 417. ఒక్కొక్క గడికి 32 బైట్ల చొప్పున చూస్తే అది 12 గడుల హెడరు. రికార్డు పొడవు 102. ఇప్పటి ఫైలు పరిమాణంలో నుండి 417 తీసేసి, ఫైలు చివర ఉండే 26 అనే ముగింపు బైటును కూడా తీసేసి 102తో భాగిస్తే 80 బైట్లు శేషం మిగులుతున్నాయి, అంటే ఈ పొడవు తప్పు. రెండు గడులు చేరిస్తే 14 గడులకు హెడరు 481 అవుతుంది. పదహారు అక్షరాల మెట్టు పడుతున్నదంటే కొత్త గడులు ఎనిమిదేసి అక్షరాల వెడల్పువి అయివుండాలి, రికార్డు పొడవు 118 అవుతుంది. 48,93,234 నుండి 482 తీసేసి 118తో భాగిస్తే సరిగ్గా 41,464 వచ్చింది, శేషం సున్నా!

పాతకాలపు_ప్రోగ్రామరు · బుధవారం, రాత్రి 9:31

భేష్. నేను చెప్పబోయిన దానికంటే శుభ్రంగా చెప్పావు, బాబూ. తెనాలి వారూ, జీఎస్‌టీ తరువాతి కాలపు నకలు ఒక్కటి దొరికితే చాలు. బీరువాలు, గల్లాపెట్టె అడుగు, పాత సీడీలు అన్నీ చూడండి. దొరకకపోతే హెడరును చేత్తో కట్టవచ్చు, కాకపోతే ఓపిక కావాలి.

తెనాలి_ఎరువులు · గురువారం, మధ్యాహ్నం 2:10

దొరికింది! 2023 ఉగాది నాడు కొత్త లెక్కలకు పూజ చేసేటప్పుడు నాన్నగారు అన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి పసుపు, కుంకుమ పెట్టి దేవుడి అరలో ఉంచారట. అమ్మ చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. అందులోని బిల్‌డెట్ హెడరులో ఆ నాలుగు అంకెలు 225, 1, 118, 0 అని ఉన్నాయి. రెండు ఫైళ్లూ 2022 ఏప్రిల్ 1 బిల్లులతోనే మొదలవ్వాలి.

ఓరుగల్లు_పైథాన్ · గురువారం, సాయంత్రం 6:45

మీరు పంపిన నకలు ఫైలులో ఎక్కడెక్కడ వరుసగా సున్నాలు ఉన్నాయో చూసే చిన్న ప్రోగ్రాము రాశాను. రెండే చోట్ల ఉన్నాయి: మొదటి 4,096 బైట్లు, చివరి 2,610 బైట్లు. మధ్యలో ఎక్కడా మచ్చ లేదు. ఈ రెండు చోట్లే ఎందుకు పోయాయో మాత్రం నాకు అర్థం కాలేదు.

హార్డ్‌డిస్క్_డాక్టరు · గురువారం, సాయంత్రం 7:10

డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతి) ఉన్నట్టుంది, అందులో క్లస్టరు, అంటే ఫైలుకు కేటాయించే చోటు ముక్క, సాధారణంగా 4,096 బైట్లు. కొత్త బిల్లు వేసినప్పుడు ఫాక్స్‌ప్రో రెండు చోట్ల రాస్తుంది: చివర కొత్త రికార్డులు, మొదట్లో పెరిగిన రికార్డుల సంఖ్య. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన జర్నలులో (మార్పుల చిట్టాలో) ఫైలు పరిమాణం, చోటు వంటి వివరాలనే భద్రపరుస్తుంది గానీ లోపలి సమాచారాన్ని కాదు. అందుకే కరెంటు పోయి తిరిగి వచ్చాక పరిమాణం సరిగ్గా కనిపించింది, అప్పుడు రాస్తున్న రెండు క్లస్టర్లలోని సమాచారం మాత్రం పోయింది. డిస్కు ఆరోగ్యంగానే ఉంది, నేరమంతా యూపీఎస్ బ్యాటరీది.

పాతకాలపు_ప్రోగ్రామరు · గురువారం, రాత్రి 9:00

అయితే నష్టమెంతో ఇప్పుడు కచ్చితంగా చెప్పవచ్చు. మొదటి 4,096 బైట్లలో హెడరు 481 పోగా, 30 పూర్తి రికార్డులు, 31వ రికార్డులో 75 బైట్లు ఉంటాయి. అవన్నీ 2022 ఏప్రిల్ నాటివి, కాబట్టి ఉగాది నకలులో ఉన్నాయి. చివరి వైపు చూస్తే 41,443 నుండి 41,464 వరకు 22 రికార్డులు పూర్తిగా పోయాయి, 41,442వ రికార్డులో చివరి 13 బైట్లు పోయాయి. పన్ను గడులు చివర చేర్చారు గనుక ఆ రికార్డులో ఎస్‌జీఎస్‌టీ మొత్తం, సీజీఎస్‌టీలో చివరి ఐదు అక్షరాలు మాత్రమే ఎగిరిపోయాయి. వెల, పన్ను రేటు తెలుసు కాబట్టి లెక్క కట్టుకోవచ్చు.

నకలు మీద ఇలా చేయండి. ఉగాది ఫైలులోని మొదటి 4,096 బైట్లను యథాతథంగా తెచ్చి ఈ ఫైలు మొదట్లో పెట్టండి. అందులో రికార్డుల సంఖ్య ఉగాది నాటిది ఉంటుంది కనుక 4, 5, 6, 7 స్థానాల బైట్లను మార్చాలి. అక్కడ 41,464 వేయకండి, 41,442 వేయండి. అంటే 226, 161, 0, 0. చివరి 22 ఖాళీ రికార్డులు లెక్కలోకి రాకుండా పోతాయి, మళ్లీ ఎక్కించే బిల్లులు వాటి చోటులోనే కూర్చుంటాయి. 41,442వ రికార్డు అయిపోయిన వెంటనే 26 అనే బైటు పెట్టి, అక్కడితో ఫైలును కత్తిరించండి. ఆ రికార్డులోని పన్ను గడుల్లో సున్నా బైట్లకు బదులు ఖాళీలు నింపండి, లేకపోతే మొత్తాలు కూడేటప్పుడు ప్రోగ్రాము తడబడవచ్చు.

ఒక మెలిక ఉంది. ఉగాది తరువాత ఎప్పుడైనా ఆ మొదటి 31 వరుసల్లో ఏ బిల్లునైనా రద్దు చేసి ఉంటే, నకలులో అది ఇంకా చెల్లుబాటులో ఉన్నట్టే కనిపిస్తుంది. బిల్లు మొత్తాలుండే బిల్‌హెడ్ ఫైలుతో సరిచూసుకోండి.

బెజవాడ_మందులషాపు · గురువారం, రాత్రి 9:25

మొదట నేను తొందరపడి మాట్లాడాను. ఒక సందేహం: డీబీఎఫ్ రిపేరు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇంటర్నెట్‌లో బోలెడు ఉన్నాయి కదా, ఇంత చేతిపని ఎందుకు?

పాతకాలపు_ప్రోగ్రామరు · గురువారం, రాత్రి 9:50

కొన్ని మంచివే. కానీ చాలావాటికి మీ ఫైలు కట్టుబడి తెలియదు, హెడరు పూర్తిగా పోయినప్పుడు గడులు ఎక్కడ మొదలవుతాయో ఊహించి కోస్తాయి. ఇక్కడ 102కూ 118కీ తేడా పట్టుకున్నది మనిషి. పైగా వ్యాపార లెక్కలున్న ఫైలును తెలియని ప్రోగ్రాముకు అప్పగించడం నాకు సమ్మతం కాదు.

తెనాలి_ఎరువులు · శుక్రవారం, రాత్రి 10:20

ఫైలు తెరుచుకుంది. 41,442 వరుసలు, నేరుగా, మెట్లు లేకుండా! నాన్నగారు పక్కనే కూర్చొని ఒక్కొక్క పేరూ చదువుతున్నారు. లిబ్రేఆఫీసులోనూ తెరిచి చూశాము, సరిగ్గానే ఉంది.

అయితే ఒక వింత కనిపించింది. 2024 ఆగస్టు బిల్లుల నడుమ 17 వరుసల్లో తేదీ 2002 జనవరి 1 అని ఉంది. ఇది కూడా చెడిపోవడమేనా?

హార్డ్‌డిస్క్_డాక్టరు · శుక్రవారం, రాత్రి 10:35

కాదు. అప్పుడు మీ మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయి ఉంటుంది, సీఆర్ 2032 అని రాసి ఉంటుంది దాని మీద. అది అయిపోతే కంప్యూటరు ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. ఎవరో ఆ రోజు మధ్యాహ్నానికి గమనించి సరిచేసి ఉంటారు, అప్పటికే కొన్ని బిల్లులు వెళ్లిపోయాయి.

జమా_ఖర్చు · శుక్రవారం, రాత్రి 11:15

నేను గుంటూరులో పన్ను లెక్కలు చూసే పని చేస్తాను. ఇప్పటిదాకా మౌనంగా చదువుతున్నాను గానీ, ఈ 17 వరుసల దగ్గర ఆగక తప్పదు. తెనాలి వారూ, మీరు నెలవారీ జీఎస్‌టీ లెక్కను ఇదే ప్రోగ్రాము నుండి, ‘ఈ తేదీ నుండి ఈ తేదీ వరకు’ అని ఇచ్చి తీస్తారా? అలాగైతే 2002 తేదీ పడిన బిల్లులు ఆగస్టు నివేదికలోకి వచ్చి ఉండవు. జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) ఆ అమ్మకాలు చూపలేదన్నమాట.

తెనాలి_ఎరువులు · శనివారం, ఉదయం 7:30

అవునండీ, తేదీలు ఇచ్చే తీస్తాము. ఇప్పుడే ఆగస్టు జీఎస్‌టీఆర్-1 చూశాను, ఆ బిల్లుల మొత్తం అందులో లేదు. పోయిన సమాచారం వెతుకుతుంటే ఎప్పుడూ పోలేదనుకున్న దానిలో లోటు బయటపడింది. ఆ తేదీలను ఇప్పుడే సరిదిద్దేయమంటారా?

జమా_ఖర్చు · శనివారం, ఉదయం 8:45

ముందు ఫైలులో దిద్దకండి. ఆ బిల్లుల అచ్చు ప్రతుల మీద, మీ దగ్గరున్న కార్బను ప్రతుల మీద కూడా 2002 అనే ఉంటుంది, ఫైలులో మాత్రం 2024 అని ఉంటే రేపు అడిగినవారికి జవాబు చెప్పడం కష్టం. వాటికి ముందు, వెనుక ఉన్న బిల్లుల సంఖ్యలను బట్టి అసలు తేదీ నిర్ధారించి, ఒక కాగితం మీద కారణంతో సహా రాసి ఫైలింగులో పెట్టుకోండి, ఆ తరువాత ప్రోగ్రాములో సవరణగా నమోదు చేయండి. 2024-25 అమ్మకాల్లో వదిలేసినవాటిని 2025 నవంబరు 30 లోపు, వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే ఆ లోపే, తరువాతి రిటర్నుల్లో చేర్చవచ్చు. పన్ను, దాని మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ కట్టుకోవాలి. విత్తనాల వరుసలుంటే వాటికి పన్ను లేదు, ఎరువులకు 5 శాతం, పురుగుమందులకు 18 శాతం కనుక రేటు వారీగా విడదీసి లెక్కించండి. మొత్తం చిన్నదే అయినా మీ అంతట మీరు కట్టడం వేరు, నోటీసు వచ్చాక కట్టడం వేరు.

ఇంకో రెండు విషయాలు. చెడిపోయిన అసలు ఫైలును, డిస్కు ఇమేజిని పారేయకండి. జీఎస్‌టీ చట్టం 36వ సెక్షను ప్రకారం వార్షిక రిటర్ను గడువు నుండి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి, ఆ లెక్కన 2022-23 పద్దులు 2029 డిసెంబరు 31 వరకు ఉండాలి. అంతకంటే ముఖ్యం మీ అరువు ఖాతాలు. బాకీ కోసం ఎప్పుడైనా కోర్టుకు వెళ్లవలసి వస్తే, సరుకు అమ్మిన బాకీకి సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, ఆ గడువు లోపే రైతు బాకీని రాతలో ఒప్పుకొని సంతకం పెడితే అక్కడి నుండి మళ్లీ లెక్క మొదలవుతుంది. చిట్టా, ఆవర్జాల్లోని పద్దు ఒక్కటే చూపి ఎవరి మీదా బాకీ రుజువు చేయలేము, దానికి తోడు బిల్లో, సంతకమో కావాలి. హెక్స్ ఎడిటరుతో అతికించిన ఫైలు విషయంలో అది మరీ అవసరం. అందుకే మార్చిన ప్రతి బైటుకూ ఈ చర్చలో చెప్పినట్టు కారణం రాసి ఉంచండి.

రాజమండ్రి_తాతగారి_పద్దులు · శనివారం, ఉదయం 11:00

చర్చకు కాస్త పక్కదైనా అడుగుతున్నాను. మా తాతగారి బియ్యం కొట్టు డీబీఎఫ్ ఫైలు ఒకటి 1994 నాటిది ఉంది. హెడరు బాగానే ఉంది, అంకెలు వస్తున్నాయి గానీ పేర్లు మాత్రం గీతలు, పెట్టెలు, వింత గుర్తులుగా కనిపిస్తున్నాయి. ఇది కూడా చెడిపోయినట్టేనా?

పాతకాలపు_ప్రోగ్రామరు · శనివారం, ఉదయం 11:40

అది చెడిపోవడం కాదండీ, అది తెలుగు. ఆ రోజుల్లో సీడ్యాక్ వారి జిస్ట్ కార్డు కంప్యూటర్లో తగిలిస్తే డాస్ ప్రోగ్రాముల్లోనే తెలుగులో టైపు చేయగలిగేవాళ్లం. అక్షరాలు ఇస్కీ అనే భారతీయ ప్రమాణంలో, 160 పైనున్న బైట్ల రూపంలో నిల్వ ఉంటాయి. జిస్ట్ కార్డు లేని కంప్యూటరు వాటిని గీతలుగా చూపిస్తుంది. విండోస్‌లో ఇస్కీ తెలుగుకు 57005 అనే కోడ్ పేజీ ఉంది, పవర్‌షెల్‌లో దానితో చదివి యూనికోడ్‌గా రాయించుకోవచ్చు. మొత్తం ఫైలును ఒకేసారి మార్చకండి, ఎందుకంటే యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే తెలుగు అక్షరానికి మూడు బైట్లు పట్టి గడుల వెడల్పులన్నీ తప్పిపోతాయి. పేర్ల గడిని మాత్రం విడిగా తీసి మార్చుకోండి.

ఓరుగల్లు_పైథాన్ · శనివారం, సాయంత్రం 5:30

తెనాలి వారి ఫైళ్లను పైథాన్‌లో డీబీఎఫ్‌రీడ్ అనే లైబ్రరీతో చదివి మూడు సరిచూపులు చేశాను. బిల్‌డెట్‌లోని వరుసల మొత్తం బిల్‌హెడ్‌లోని బిల్లు మొత్తంతో కలుస్తున్నదా, అరువు బిల్లుల మొత్తం లెడ్జరులోని పద్దుతో కలుస్తున్నదా, లెడ్జరు పద్దులన్నీ కూడితే పార్టీ (ఖాతాదారుల) ఫైలులోని బాకీ వస్తున్నదా. కరెంటు పోయిన శనివారం నాటి, పూర్తిగా పోయిన బిల్లులను పక్కన పెడితే 14 బిల్లులు కలవలేదు. అందులో 11 బిల్లుల్లో తేడా నక్షత్రం గుర్తున్న వరుసల వల్ల వచ్చింది: నేను మొదట రద్దయిన వరుసలను కూడా కలిపి కూడాను, తప్పు నాదే. మిగిలిన మూడింటిలో రెండు 2022 ఏప్రిల్‌వి, మాస్టారు చెప్పిన మెలిక ఇదే: ఉగాది తరువాత రద్దయినవి నకలులో బతికే ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్కటి, 41,442వ వరుస ఉన్న బిల్లు.

పాతకాలపు_ప్రోగ్రామరు · శనివారం, సాయంత్రం 6:05

ఆ రెండు బిల్లుల వరుసలను ప్రోగ్రాములోనే మళ్లీ రద్దు చేయండి. ఇండెక్సు ఫైళ్లను మాత్రం నమ్మకండి, అవి పాత ఫైలును చూసి కట్టినవి. కొందరి ప్రోగ్రాముల్లో రీఇండెక్సు చెడిన ఇండెక్సునే మళ్లీ వాడబోయి బోర్లాపడుతుంది. ఐడీఎక్స్ అనే ఆ ఇండెక్సు ఫైళ్లను వేరే ఫోల్డరుకు తరలించి, కొత్తగా కట్టించండి. సోర్సు కోడు లేదని బెంగపడవద్దు: ఏ గడి మీద ఇండెక్సు కట్టారో ఆ సూత్రం ఐడీఎక్స్ ఫైలు మొదట్లోనే చదవగలిగే అక్షరాల్లో ఉంటుంది.

కొత్త కంప్యూటరుకు మారేవరకు ఇదే నడపాలనుకుంటే, 64 బిట్ల విండోస్‌లో ఈ ప్రోగ్రాము నేరుగా నడవదు. డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము కావాలి, కానీ మామూలు డాస్‌బాక్స్‌లో ప్రింటరు పోర్టు ఉండదు కనుక మీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కోసం డాస్‌బాక్స్-ఎక్స్ గానీ వీడాస్ గానీ చూడండి.

తెనాలి_ఎరువులు · ఆదివారం, రాత్రి 9:15

ఈ రోజు దుకాణం మూసి అందరం కూర్చొని పని ముగించాము. ఇండెక్సులు కొత్తగా కట్టాము, మూడు సరిచూపులూ కలిశాయి. పోయిన వరుసలు కరెంటు పోయిన శనివారం నాటి తొమ్మిది బిల్లులవి. ఎనిమిదింటికి కార్బను ప్రతులు ఉన్నాయి, వాటిని చూసి మళ్లీ ఎక్కించాను, 41,442వ వరుసలో పోయిన పన్ను కూడా ఆ ప్రతుల్లోనే దొరికింది. జమా ఖర్చు గారు చెప్పినట్టు 2002 తేదీల కాగితం విడిగా రాసి నాన్నగారి చేత, నా చేత సంతకాలు పెట్టించాము. ఆ పన్ను ఈ నెల రిటర్నులో వడ్డీతో కలిపి చూపుతాము.

మిగిలినది తొమ్మిదోది, సగం అచ్చయి ఆగిపోయిన బిల్లు. అచ్చయిన సగంలో రైతు పేరు మాత్రమే ఉంది. ఆయనకు అప్పుడు తెల్ల కాగితం మీద చీటీ రాసి ఇచ్చి పంపామని గుమాస్తా చెప్పడంతో, కబురు చేస్తే సాయంత్రం ఆ చీటీ తెచ్చి చూపించారు. 45 కిలోల యూరియా బస్తాలు రెండు, ఒక లీటరు పురుగుమందు డబ్బా ఒకటి. చీటీ మీద తేదీ లేదు. ఆయన ఆ వారంలో రెండుసార్లు వచ్చారు, అది ఏ రోజుదో ఆయనకూ కచ్చితంగా గుర్తులేదు. సబ్సిడీ ఎరువు ఆధార్ వేలిముద్రతో పీఓఎస్ యంత్రంలో అమ్మవలసిందే కదా అని గుర్తొచ్చి అందులో వెతికాను. రెండు బస్తాల యూరియా ఆయన పేరు మీద ఆ శనివారం నాటి అమ్మకాల్లో ఉంది. పురుగుమందు ఆ యంత్రంలో ఉండదు గానీ, చీటీ ఒక్కటే కనుక అదీ అదే రోజుది. ఆ తేదీతోనే బిల్లు వేసి, ఆయన ఖాతాలో రాసి, కార్బను ప్రతి మీద ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను.